రెండో గొంతు

ఆగస్టు 5, మంగళవారం

లెక్చరర్ నా పేరు పీకి పారేశాడు. కాలేజీలో చేరి ఇవాళ్టికి రెండో రోజు.

క్లాసు చివర్లో ఆయన పుస్తకం మూసి ఇవాళ్టికి ఇక్కడ ఆపుదాం అన్నాడు. నేను మూడో బెంచీలోంచి గట్టిగా, ఆపుదాం! అని తిరిగి అరిచాను. కావాలని కాదు. నోరు దానంతటదే అనేసింది. గది మొత్తం ఒక్క క్షణం నోరెళ్ళబెట్టి, ఆ తర్వాత పగలబడి నవ్వింది. పిల్లలు నవ్వారంటే సరే. ఆయనైనా ఊరుకోవచ్చు కదా. ఎవరమ్మా ఆ ఎకో, కొండల్లోంచి గానీ దిగొచ్చావా అన్నాడు. ఇంకేముంది. గేటు దగ్గరికి వచ్చేసరికి ముక్కూ మొహం తెలియనివాడొకడు హాయ్ ఎకో అంటున్నాడు.

మా అమ్మ పెట్టిన పేరు ఒకటుంది. ఐడీ కార్డు మీద ఉంది. దాన్ని ఇక్కడ ఇంతవరకు ఒక్కడూ చదవలేదు.

ఆగస్టు 6

ఇవాళ కూడా. రెండుసార్లు.

ఆగస్టు 9, శనివారం

కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గేలా లేదు.

నేను లిఫ్టు మెకానిక్‌ని. టెన్త్ అవగానే మా బాబాయి, అంటే మా పిన్ని మొగుడు, నన్ను తన వెంట పనికి తీసుకెళ్ళాడు. ఇంటర్ ప్రైవేటుగా కట్టి, మెషిన్ రూముల్లో మోటారు పక్కన కూర్చుని చదివి పాసయ్యాను. ఎవరూ చెప్పలేదు. ఎవరూ వద్దనలేదు కూడా, అందుకు థాంక్స్. ఇప్పుడు డిగ్రీ ఫస్ట్ సెమిస్టర్, ఫిజిక్స్. ఆఫీసులు తెరవకముందే లిఫ్టుల సర్వీసింగ్ అయిపోవాలి కాబట్టి తెల్లవారుజామున పని, పదిన్నరకి క్లాసు. చేతులు ఎంత కడిగినా గోళ్ళ సందుల్లో గ్రీజు పోదు. అందుకే చేతులు బెంచీ కింద పెట్టుకుంటాను.

మా పనిలో ఇద్దరం ఉంటాం. ఒకరు మేడ మీద మెషిన్ రూములో స్విచ్ దగ్గర. ఇంకొకరు లిఫ్టు కప్పు మీద నిలబడి, ఆ చీకటి గోతిలో, గోడకున్న పట్టాలు తుడిచి గ్రీజు పెడతారు. ఒకరికొకరు కనపడరు. మధ్యలో ఉన్నదల్లా గొంతు. లోపలున్న మనిషి కిందికి అని అరిస్తే పైనున్న మనిషి కిందికి అని తిరిగి అరవాలి. అప్పుడే స్విచ్ నొక్కాలి. ఆగు అంటే ఆగు అనాలి. పనిలోకి వెళ్ళిన మొదటిరోజే బాబాయి చెప్పాడు. మొదటి గొంతు అడుగుతుంది, రెండో గొంతు మాటిస్తుంది పిల్లా, నీ గొంతు వినపడేదాకా నా చెయ్యి పట్టా మీదే ఉంటుంది, వినపడ్డాకే తీస్తాను అన్నాడు.

నాలుగేళ్ళుగా రోజూ చేసే పని. ఎవరైనా గట్టిగా ఆపు, తియ్యి, మొదలెట్టు అంటే నా నోరు తిరిగి అనేస్తుంది. క్లాసులో అదే జరిగింది.

బాబాయికి చెప్తే తాగుతున్న టీ ముక్కులోంచి వచ్చేలా నవ్వాడు. ఓ రోజు మీ సార్‌ని లిఫ్టు కప్పు మీద నిలబెడదాంలే, అప్పుడు ఎవరు ఎకోనో తేలుతుంది అన్నాడు. నాకు నవ్వు రాలేదు. బాబాయి ఆ క్లాసులో లేడు కదా. అరవైమంది ఒకేసారి వెనక్కి తిరిగి చూస్తే ఎలా ఉంటుందో ఆయనకేం తెలుసు.

ఆగస్టు 21

వారానికో గంట పర్సనాలిటీ క్లాసు. అదీ ఆ లెక్చరరే. బోర్డు మీద రెండు ప్రశ్నలు రాశాడు. నువ్వు ఎవరు? దేనికి పుట్టావు? సెమిస్టర్ అయ్యేలోపు ప్రతి ఒక్కరూ ముందుకొచ్చి దీని మీద అయిదు నిమిషాలు మాట్లాడాలి. దానికి మార్కులు.

నా పక్కన కూర్చునే పిల్ల, కళ్ళద్దాల పిల్ల అందాం, మంచిదే, నా చెవిలో గొణిగింది. నేను పుట్టింది ఏసీ గదిలో నిద్రపోడానికి, ఇంక నాలుగు నిమిషాల యాభై సెకన్లు ఏం మాట్లాడను అంది. దానికి మాత్రం నవ్వొచ్చింది.

ఇంటికొచ్చి ఆలోచించాను. నేను ఎవర్ని? పొద్దున పదింటిదాకా ఒకతెని, పదిన్నర నుంచి ఇంకొకతెని. మధ్య అరగంట బస్సులో. బస్సులో ఉన్నదే అసలు నేనేమో. చొక్కా మారుస్తాను, జడ మారుస్తాను, గొంతు మారుస్తాను. దేనికి చదువుతున్నాను అంటే, లిఫ్టు ఎందుకు పడిపోకుండా నిలబడుతుందో లెక్కతో సహా తెలియాలని. అది చెప్తే మళ్ళీ నవ్వుతారు.

సెప్టెంబరు 3

మార్గం దొరికింది. చూయింగ్ గమ్.

నోట్లో గమ్ ఉంటే నాలుక పని నాలుకకి ఉంటుంది. మాట పైకి రాబోతుంటే గమ్‌ని పళ్ళతో గట్టిగా నొక్కి, ఆ మాటని లోపలే అనుకుంటాను. లోపల అరుస్తాను. నాకు వినపడుతుంది, గదికి వినపడదు. ఇవాళ లెక్చరర్ మొదలుపెడదాం అన్నాడు, రాసుకోండి అన్నాడు, ఆపండి అన్నాడు. మూడూ లోపలే. వెనక బెంచీవాడు ఎకో సిగ్నల్ పోయిందిరా అన్నాడు.

పోనీ. పోయిందనుకోండి.

సెప్టెంబరు 19

ఈ వారంలో ఒక్కసారి కూడా జారలేదు.

అక్టోబరు 8, బుధవారం

అమ్మ మూడుసార్లు పిలిచిందట. ఏమే, చెవుడొచ్చిందా, చదువుకుంటే పెద్దవాళ్ళకి బదులు చెప్పక్కర్లేదా అని తలుపు దగ్గర నిలబడి అడిగింది. నేను బదులు చెప్పాననే అనుకున్నాను. ఒట్టు. వస్తున్నా అన్నానమ్మా అంటే, ఎవరితో అన్నావు, గోడతోనా అంది.

అక్టోబరు 14

పొద్దున బాబాయి కోప్పడ్డాడు. నాలుగేళ్ళలో మొదటిసారి.

పైకి అని అరిచాడు. నేను ఒకటి రెండు క్షణాలు ఆలస్యంగా పైకి అన్నాను, అదీ లోగొంతుకతో. పని అయ్యాక మెట్లెక్కి మెషిన్ రూముకి వచ్చాడు. ఆయాసం. చేతిలో గుడ్డ. నీ మొహం నాకు కనపడదు పిల్లా, కనపడితే నువ్వు తల ఊపినా చాలు, అక్కడ నాకు నువ్వంటే నీ గొంతే, అది లేకపోతే నువ్వు లేనట్టే అన్నాడు. సరే బాబాయ్ అన్నాను. క్లాసుకి టైమవుతోంది, ఈయనొకడు అని కూడా మనసులో అనుకున్నాను. అనుకున్నాను కాబట్టి రాస్తున్నాను.

అక్టోబరు 30, గురువారం

ఇవాళ లెక్చరర్ నన్ను నిలబెట్టి పొగిడాడు. చూడండర్రా, మొదట్లో ఎలా ఉండేది, ఇప్పుడు ఎంత డీసెంట్‌గా ఉందో, గ్రూమింగ్ అంటే ఇదీ అన్నాడు. చప్పట్లు కొట్టారు.

సిగ్గులేకుండా సంతోషపడ్డాను. బస్సు దిగి ఇంటిదాకా కాలు నేల మీద ఆనలేదు.

నవంబరు 5

బాబాయి కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి.

నవంబరు 7, శుక్రవారం, హాస్పిటల్ వరండా

రాయకపోతే పిచ్చెక్కుతుంది. రాసినా ఎక్కేలా ఉంది.

పాత ఆఫీసు బిల్డింగ్. బాబాయి లిఫ్టు కప్పు మీద, నేను పైన. స్విచ్ పక్కన పుస్తకం తెరిచి పెట్టుకున్నాను, ఆ రోజు క్లాస్ టెస్ట్. నోట్లో గమ్. క్లాసుకి మాత్రమే అనుకున్న గమ్ ఎప్పుడు పనిలోకి కూడా వచ్చిందో నాకే తెలియదు. బాబాయి కిందికి అని అరిచాడు. నేను కిందికి అన్నాను. నాకు స్పష్టంగా వినపడింది. స్విచ్ నొక్కాను.

నాకే వినపడింది. లోపల అన్నాను.

ఆయన చెయ్యి ఇంకా పట్టా మీదే ఉంది. ఉండాలి కూడా. రెండో గొంతు రాలేదు కాబట్టి తియ్యలేదు, అదే రూలు. ఆయన రూలు తప్పలేదు. కింద లిఫ్టు కదిలింది. పట్టాకీ లిఫ్టుకీ మధ్య చెయ్యి.

ఆ తర్వాత వచ్చిన కేక ఎలా ఉందో రాయను. స్విచ్ వదిలేశాను. అప్పుడు మాత్రం ఆగు ఆగు ఆగు అని అరుస్తూనే ఉన్నాను, ఆగిపోయాక కూడా. వాచ్‌మన్ వచ్చి నా భుజం పట్టుకుని ఊపేదాకా.

కేబిన్ కప్పు మీద నుంచి ఆయన్ని దించుతుంటే నా వంక చూశాడు. తిడతాడనుకున్నాను. నీకు టెస్టుంది కదా అన్నాడు.

నవంబరు 8

అందరికీ ఒకటే చెప్తున్నాడు. కాలు జారింది, పట్టుకోబోయి చెయ్యి పెట్టాను అంటున్నాడు. డాక్టరుకీ అదే, మా అమ్మకీ అదే, పిన్నికీ అదే. నేను గదిలో ఉండగానే. నా కళ్ళలోకి చూడకుండా.

నేను నోరు తెరిచాను. ఆయన ఎడమచేత్తో సైగ చేసి, మంచినీళ్ళు తెచ్చిపెట్టు పిల్లా అని నన్ను బయటికి పంపేశాడు.

నవంబరు 14, శుక్రవారం

మా కంపెనీ ఇంజనీరు పిలిచాడు. బాబాయి కంటే పాతికేళ్ళు చిన్న. కూర్చోమన్నాడు, ఇంతకు ముందు ఎప్పుడూ అనలేదు. జరిగింది దురదృష్టం అన్నాడు. మీ బాబాయి పాతకాలపు మనిషి, ఎవరి మాటా వినడు, సేఫ్టీ బెల్టు కట్టుకోడు, ఎప్పటికైనా ఇలా అవుతుందని నాకు తెలుసు అన్నాడు. బాబాయి ప్రతిరోజూ బెల్టు కట్టుకుంటాడు. బకిల్ నేనే చూసి ఊ అంటాను. ఆ మాట అనబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. చూడమ్మా, మెకానిక్ నిర్లక్ష్యం అని రిపోర్టు వెళ్ళిపోయింది, ఆయన్ని ఇంక పనిలోకి తీసుకోం, నువ్వు మాత్రం బంగారంలా చదువుకుంటున్నావు, డిగ్రీ అయ్యాక నా పక్క కుర్చీ నీదే, ఇలాంటివాటిలో నువ్వు తలదూర్చకు అన్నాడు.

ఇరవై రెండేళ్ళు పనిచేసిన మనిషిని ఒక్క ముక్కలో ఊడ్చేశాడు. నిర్లక్ష్యం అట. నిర్లక్ష్యం చేసినదాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని టీ ఇప్పించాడు.

తాగాను. అది కూడా రాస్తున్నాను. వేడిగా ఉంది, తాగాను.

సాయంత్రం బాబాయి దగ్గరికి వెళ్ళి, ఇంజనీరు అన్నదంతా చెప్పి అరిచాను. నిజం చెప్పు, నువ్వు చెప్పకపోతే నేను చెప్తా అన్నాను. ఆయన కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని, పోయిన వేళ్ళు నువ్వు చెప్తే మొలుస్తాయా అన్నాడు. నా పని ఎలాగూ పోయింది, నీది కూడా పోగొట్టుకుని ఇద్దరం ఇంట్లో కూర్చుని ఈగలు తోలుకుందామా, ఈ కుటుంబంలో నుంచి ఒక్కరైనా ఆ కుర్చీలో కూర్చోనీ అన్నాడు. ఆయన్ని చూస్తే ఏడుపు రావాలి. నాకు ఒళ్ళు మండింది. నా జీవితం దేనికో నేను తేల్చుకోకముందే ఈయన తన రెండు వేళ్ళు పెట్టి తేల్చేశాడు. ఎవరు అడిగారు?

నవంబరు 17

గమ్ ప్యాకెట్ డ్రెయినేజీలో పారేశాను. ఏదో సాధించినట్టు కాసేపు అక్కడే నిలబడ్డాను. డ్రామా.

నవంబరు 20, గురువారం

పర్సనాలిటీ క్లాసులో ఇవాళ నా వంతు.

ముందు వెళ్ళినవాళ్ళలో ఒకడు నేను లీడర్‌ని అన్నాడు. ఒకమ్మాయి నేను నదిని అంది. కళ్ళద్దాల పిల్ల నేను ఇంకా వెతుక్కుంటున్నాను సార్ అని చెప్పి, ముప్పై సెకన్లలో వచ్చి కూర్చుంది.

నేను వెళ్ళి చేతులు బల్ల మీద పెట్టాను. గ్రీజు కనపడేలాగే. నేను ఎవరో చెప్తాను అన్నాను. మా బాబాయి నన్ను నమ్మి ఒక మాట అడిగాడు, నేను బదులు చెప్పకుండా ఆయన చెయ్యి నలిపేశాను, మీరు నవ్వుతారని నోరు మూసుకోవడం నేర్చుకున్నాను, అది బాగా వచ్చేసింది, నేను అదీ అన్నాను. గొంతు వణకలేదు. వణికితే బాగుండేది.

లెక్చరర్ కాసేపు తల వంచుకున్నాడు. అర్థమైందనుకున్నాను. తల ఎత్తి, ఎక్సలెంట్, పెద్దవాళ్ళ కలల్ని మనం ఎలా నలిపేస్తామో చెయ్యి అనే మెటాఫర్‌తో ఎంత బాగా చెప్పింది అన్నాడు. పదికి తొమ్మిదిన్నర వేశాడు.

చప్పట్లు.

మెటాఫర్ కాదు సార్ అన్నాను. అప్పటికే ఆయన తర్వాతి పేరు పిలిచాడు. కళ్ళద్దాల పిల్ల మాత్రం నేను కూర్చోగానే నా చెయ్యి పట్టుకుని, ఎన్ని వేళ్ళు అని అడిగింది.

నవంబరు 23

హాల్ టికెట్ వచ్చింది. డిసెంబరు 8, సోమవారం, పది గంటలకి ఫిజిక్స్. అమ్మ దాన్ని అద్దం మూలకి గుచ్చి, వచ్చినవాళ్ళందరికీ చూపిస్తోంది. మా అక్కచెల్లెళ్ళ పిల్లల్లో ఇదే మొదటి డిగ్రీ అంటోంది. పక్కనే మా పిన్ని నిలబడి, అవునక్కా, మా అదృష్టం అంది.

తట్టుకోలేక స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పాను.

నవంబరు 29, శనివారం

పిన్నికి చెప్పేశాను.

బాబాయి నిద్రపోతున్నాడు. ఆయన చొక్కాలకి గుండీలు పీకేసి ప్రెస్ బటన్లు కుడుతోంది, ఒంటిచేత్తో పెట్టుకోవడానికి వీలుగా. నేను నేల మీద కూర్చుని మొత్తం చెప్పాను. గమ్‌తో సహా. ఆవిడ సూది ఆపలేదు. చొక్కా పూర్తయింది, దారం కొరికింది, రెండో చొక్కా తీసుకుంది. కొడుతుందనుకున్నాను. కొడితే పడేదాన్ని.

చివరికి నాకు తెలుసే అంది. ఆయనకి కాలు జారడమేమిటి, ఇరవై రెండేళ్ళుగా నేను చూడని మనిషా, హాస్పిటల్లో నీ మొహం చూసినప్పుడే తెలిసింది అంది. మరి ఎందుకు అడగలేదు పిన్నీ అన్నాను. ఆవిడకి అప్పుడు కోపం వచ్చింది. నువ్వే వచ్చి చెప్తావని చూశాను, ఇరవై నాలుగు రోజులు చూశాను, ఇప్పుడు నా దగ్గర కూర్చుని ఏడ్చి తేలికైపోదామనుకున్నావా, నాకు చెప్తే ఏమవుతుంది, ఊళ్ళో నలుగురూ ఆయన్ని ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచెయ్యలేదట అంటుంటే నేను విని తలవంచుకుని వస్తున్నాను, ఆ మాట ఎవడు రాశాడో వాడి దగ్గరికి వెళ్ళి చెప్పవే అంది.

చొక్కా దులిపి మడతపెట్టింది. వెళ్ళేముందు అన్నం తిని వెళ్ళు అంది. ఇంకా కోపంగానే.

డిసెంబరు 5, శుక్రవారం

ఇంజనీరుకి చెప్పాను. ఆయన గదిలో, తలుపు వేసి ఉండగా. బాబాయి తప్పు లేదు, నేను తిరిగి చెప్పకుండా స్విచ్ నొక్కాను అన్నాను.

ఆయన పెన్ను మూత పెట్టాడు. తీశాడు. పెట్టాడు. నేనేమీ వినలేదు అన్నాడు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు. నువ్వు చెప్పింది రాస్తే ఒంటరిగా స్విచ్ దగ్గర చదువుకునే పిల్లని కూర్చోబెట్టింది ఎవరని పైవాళ్ళు నన్ను అడుగుతారు, ముసలాయన ఎలాగూ అయిపోయాడు, నువ్వెందుకు, నేనెందుకు, సోమవారం పరీక్ష బాగా రాయి, ఆల్ ది బెస్ట్ అన్నాడు.

ఆల్ ది బెస్ట్!

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. నిజం చెప్పేస్తే గుండె తేలికవుతుందని ఎవరు పుట్టించారో గానీ, అబద్ధం. తలుపు వేసిన గదిలో చెప్పిన నిజానికి విలువ లేదు. నేను ఆ తలుపు మూసి ఉన్నప్పుడే ఎందుకు చెప్పాను? ఉద్యోగం మిగలాలని. పరీక్ష మిగలాలని. చెప్పినట్టూ ఉండాలి, ఏమీ పోకూడదు. పిన్ని నన్ను సరిగ్గానే కనిపెట్టింది.

ఆ కుర్చీ నాకు కావాలి. ఇది కూడా నిజం. ఫిజిక్స్ నాకు ఇష్టం, ఆ గదిలో ఉన్నవాళ్ళందరికంటే ఎక్కువ ఇష్టం. రెండో సెమిస్టర్ పుస్తకం అప్పుడే తెచ్చుకుని సగం చదివేశాను. అదంతా పోతుందేమోనని భయం. కానీ ఆ కుర్చీలో కూర్చుని రేపు ఇంకో మెకానిక్ మీద నిర్లక్ష్యం అని రాయబోయేది నేనే కదా. పెన్ను మూత తీస్తూ, పెడుతూ.

డిసెంబరు 6

బాబాయికి చెప్పాను, సోమవారం ఏం చేస్తానో. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పరీక్ష అయ్యాక వెళ్ళొచ్చు కదా పిల్లా అన్నాడు.

సోమవారం పొద్దున వారం పని పంచేటప్పుడే మెకానిక్కులందరూ ఆఫీసులో ఉంటారు బాబాయ్ అన్నాను.

డిసెంబరు 8, సోమవారం, ఉదయం 8:20, కంపెనీ ఆఫీసు

చెప్పేశాను. తలుపు బార్లా తీసి, డ్యూటీ కోసం వచ్చిన మెకానిక్కులందరూ వింటుండగా, ఇంజనీరు బల్ల ముందు నిలబడి. ఈసారి నేను వినలేదని ఆయన అనలేడు. ఫోను పట్టుకుని లోపలికి వెళ్ళాడు. నేను ఆయన ఎదురు కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. ఈ కిందిది చింపి ఆయన బల్ల మీద పెడతాను.

రిపోర్టులో బాబాయి మీద రాసింది కొట్టెయ్యండి. నా మీద రాయండి. చెయ్యి మానాక ఆయనకి పని ఇవ్వండి.

పదింటికి నాకు పరీక్ష. మీరు బదులు చెప్పేదాకా వెళ్ళను. మీ జవాబు పదింటిలోపు కావాలి.